అప్పన్న నెత్తురు మీద తీర్పు

1969 జూలై 6
గోల్‌బజారులో కొత్త లేబొరేటరీ. వారం రోజులు నెత్తురు పరీక్ష ఉచితమట. ఉచితమంటే విషమైనా ఇంకో చెంచా అడిగే జనం మనవాళ్ళు. మా చెల్లెలి కొడుకు అప్పన్న కూడా చెయ్యి చాచి వచ్చాడు. రైల్వే కార్ఖానా కమ్మరి షాపులో సమ్మెట కొట్టే చెయ్యి... దానికి పరీక్ష!

జూలై 9
చీటీ వచ్చింది. వాడి నెత్తురులో సొంత ఒంటిమీదే తిరగబడేదేదో ఉందట. కీళ్ళవాతం వాళ్ళలో కనిపిస్తుందట.
"నొప్పేటీ లేదు మావా. మరి ఉన్నాదంటాడేటి?"
నిన్నటిదాకా తనకి కీళ్ళున్నాయనే తెలియదు వెర్రివాడికి.

జూలై 11
షాపులో వాడే చెప్పుకున్నాడు, దద్దమ్మ. ఎర్రటి ఇనుము మీద ఇద్దరు కొట్టాలి—ఒకడి సమ్మెట లేస్తే ఒకడిది దిగాలి. ఎదుట నిలిచే సిమ్మాచలం ఒల్లనన్నాడు. "నీ సెయ్యి జారితే నా బుర్ర పగిలిపోద్ది బావా." బుధవారంలోగా ఇంకొకడు ఎదుట నిలవకపోతే అప్పన్న చేతికి చీపురే అన్నాడట మిస్త్రీ.
ఈ సిమ్మాచలం ఎవరు? పోయిన దసరాకి తప్పతాగి, ఇంజన్లకు నీళ్ళుపట్టే గొట్టాన్ని ఫోర్‌మన్ అనుకుని సలాం కొట్టిన ఘనుడు. వీడి బుర్రకి భయం!

జూలై 12
లేబొరేటరీకి నేనే వెళ్ళాను. డాక్టరు బెంగాలీ కుర్రాడు, మీసం ఇంకా కుదురుకోలేదు. "జబ్బని నేననలేదు దాదూ. బాగున్నవాళ్ళలోనూ కొందరికి ఉంటుంది. ఏమీ కాకపోవచ్చు." ఆ ముక్క చీటీలో రాయడానికి సిరా అయిపోయిందా? "కావచ్చు కూడా..." అందుకని రాయడట.
నా నెత్తురూ తియ్యమన్నాను. నిక్షేపంలాంటి ముసలి కీళ్ళు నావి.

జూలై 15
నాలోనూ ఉంది. భలే!
చీటీ పట్టుకుని షాపు గేటు దగ్గర నిలబడ్డాను. సిమ్మాచలం రాగానే చూపించాను—నాకూ ఉంది, ఏమైందిరా నాకు? గంతులేసి కూడా చూపించాను. వాడు చీటీ వదిలి నా చేతులకేసే చూశాడు.
"అయితే మీ ఇంటి నెత్తురే అంతేటి తాతా?"

జూలై 16
ఎవడూ నిలవలేదు. ఒకడు నిన్నటిదాకా సరేనన్నాడట. నా చీటీ సంగతి విని వెనక్కి తగ్గాడు.
అప్పన్న చీపురు పట్టాడు.
"నిన్నెవడెళ్ళమన్నాడు మావా..."

జూలై 17
మూర్ఖులు. డాక్టరు, మిస్త్రీ, అందరూ.
పొద్దున లేవగానే పిడికిలి బిగించి చూసుకున్నాను. బొటనవేలు కొంచెం పట్టేసినట్టు... ఏమీ లేదు. నిద్రలో నలిగి ఉంటుంది.
మళ్ళీ బిగించాను.