ముందు గది మీద పందెం

గుడివాడ,
ఆదివారం.

చల్లపల్లిలో వదినగారికి మీ మరదలు మంగతాయారు నమస్కారాలు.

మేము క్షేమం. మీ తమ్ముడు మరీ క్షేమం. సాయంత్రం మిల్లు సైరను కూయగానే ఇంటికి వచ్చేస్తున్నారు. ఒక్కరే రావడం లేదు. మిల్లులో కాటా చూసే కొండలరావుగారు, సైకిలు షాపు పిచ్చేశ్వరరావుగారు, ధాన్యం కమీషను వెంకట్రామయ్యగారు కూడా వస్తున్నారు. ముందు గదిలో చాప పరుచుకుని కూర్చుంటారు. ఎందుకు కూర్చుంటారో రాయలేను. నా ఉత్తరం రామబ్రహ్మం మాస్టారు మీ అరుగు మీద పైకి చదువుతారు, వీధి వీధంతా వింటుంది. అంచేత మీరే అర్థం చేసుకోవాలి.

మాకున్నవి రెండే గదులు. వెనక గదిలో పొయ్యి, పొగ. పని తెమిలాక కాస్త నడుం వాల్చాలంటే ముందు గదే దిక్కు. ఇప్పుడు ఆ గది నాది కాదు. కాఫీలు కలిపి కలిపి చేతులు పడిపోతున్నాయి. మీ తమ్ముడికి చెప్పాలంటే నాకు నోరు పెగలదు. మీరు ఒక్క మాట రాయిస్తే ఆయన వింటారు.

మీ మరదలు,
మంగతాయారు.

తా.క.: పొద్దున్న గది ఊడిస్తే చేటెడు చుట్టపీకలు వచ్చాయి. మాస్టారుగారూ, ఈ సంగతి మాత్రం పైకి చదవకండి.


చల్లపల్లి,
గురువారం.

మరదలు మంగతాయారుకి సుబ్బరత్నమ్మ ఆశీస్సులు చెప్పి మాస్టారి చేత రాయిస్తున్నది.

నీ ఉత్తరం విని నా కడుపు నిండిపోయింది. తాతారావు ఇంటికి రోజూ ముగ్గురు పెద్దమనుషులు వస్తున్నారంటే ఇంకేముంది, మిల్లులో వాణ్ణి పెద్ద గుమాస్తాని చెయ్యబోతున్నారన్నమాట! దిష్టి తగులుతుందని నువ్వు పైకి రాయలేదు. ఆమాత్రం అర్థం చేసుకోలేనా? మంచిపని చేశావు. ఎవరికీ చెప్పకు. ఇక్కడ మాస్టారికి, నాకు, అరుగు మీదున్న వాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు.

వచ్చినవాళ్ళకి వట్టి కాఫీ నీళ్ళు పోస్తే ఏం మర్యాద? గారెలు వెయ్యి. మినప్పప్పు, కాఫీ గింజలు, బందరు హల్వా బస్సు కండక్టరుకిచ్చి పంపుతున్నాను. చేతులు నొప్పిగా ఉంటే ఆముదం రాసుకో.

నీ వదిన,
సుబ్బరత్నమ్మ.

తా.క.: అమ్మా, ఇది నేను, రామబ్రహ్మాన్ని. హల్వా బాగుందో లేదోనని అరుగు మీద అందరం తలా కాస్త చూశాం. బాగుంది. అందుకే పొట్లం అంత చిన్నదైంది. చుట్టపీకల సంగతి పైకి చదవలేదు, చెవిలో చెప్పాను.


గుడివాడ,
మంగళవారం.

వదినగారికి నమస్కరించి మంగతాయారు రాస్తున్నది.

మీరు పంపినవి అందాయి. గారెల వాసన తగిలినప్పటి నుంచీ వాళ్ళు సైరను కూయకముందే వస్తున్నారు. ఇక దాచి లాభం లేదు. ఎవరు వింటే విననివ్వండి. అది పేకాట వదినగారూ. మూడు ముక్కలాట. తలా మూడు ముక్కలు పంచుకుంటారు. పెద్ద ముక్కలున్న వాళ్ళది గెలుపు, మూడూ ఒకటే రకం పడితే ఇంకా పెద్ద. ఎదుటివాళ్ళు భయపడి తమ ముక్కలు పడేస్తే మాత్రం మనవి చూపించక్కర్లేదు, గెలిచినట్టే. డబ్బు పెట్టరు, చింతపిక్కలు పెడతారు. పిక్కల మీద ఇంకేవో వింత పందేలు.

కాఫీ గ్లాసులు పట్టుకుని తెర వెనకాల నిలబడి నిలబడి నాకు ఒక సంగతి తెలిసింది. మీ తమ్ముడు ముక్కలతో ఆడరు, నోటితో ఆడతారు. నెల్లాళ్ళపాటు పిరికివాడిలా మాట్లాడారు. "నాకు ముక్కలు వస్తాయా బావా, నా మొహం!" అని పడేసేవారు. పందెం కాశారంటే మాత్రం పెద్ద ముక్కలే. గెలిచాక అందరికీ తిప్పి చూపించి, "చూశారుగా, ఉంటేనే వేస్తాను, లేకపోతే నాకు ధైర్యమేదీ?" అనేవారు. వాళ్ళు నమ్మారు. నేనూ నమ్మాను.

మొన్న శనివారం, మామూలుగా గుప్పెడు పిక్కలు వేసే చోట కుప్ప మొత్తం తోసి, "కొండలరావూ, దీని మీద నీ మీసం కూడా పెట్టవోయ్. వద్దులే, నష్టపోతావు. మా అక్క మీద ఒట్టు, నీ మంచికే చెబుతున్నాను" అన్నారు. ఆ జాలి మాటకి కొండలరావుగారికి రోషం వచ్చింది. మీసం పెట్టారు. పెట్టాక ఆయనకి భయం వేసింది. ముక్కలు పడేశారు. మీసం పోయింది. మీ తమ్ముడి చేతిలో ఏమీ లేదు. నేను వెనక నుంచి చూశాను.

వాళ్ళు నవ్వుకుంటుంటే నాకు నవ్వు రాలేదు. మళ్ళీ నీళ్ళు మరగబెట్టాలి. ఆ ముక్కలు కూడా అరిగిపోయి నాలాగే ఉన్నాయి.

మీ మంగతాయారు.

తా.క.: ఆ పూట మీ మీద చాలాసార్లు ఒట్టు వేశారు. శనివారం మీకు తలనొప్పి వచ్చి ఉంటే అందుకే.


చల్లపల్లి,
శుక్రవారం.

మంగతాయారుకి వదిన దీవెనలు.

తలనొప్పి రాలేదు, నడుము పట్టేసింది. వాడి ఒట్లు నడుములోకి దిగుతాయి కాబోలు.

నీ ఉత్తరం చదువుతుంటే అవనిగడ్డ బస్సుకి వచ్చినవాళ్ళు బస్సు వదులుకుని మరీ విన్నారు. ఆట మంచి పట్టులో ఉండగా ముక్కలు అరిగిపోయాయని నువ్వు బాధపడుతున్నావని మాస్టారు చెప్పారు. పాపం, నీకు ఇంత సరదా ఉందని నాకు తెలియదు. అరుగు మీద వాళ్ళంతా కలిసి బందరు నుంచి కొత్త పేక తెప్పించారు. దీంతోపాటు పంపుతున్నాను.

గదికోసం వాడి దగ్గర ఏడవకు. ఏడిస్తే వాడూ ఏడుస్తాడు, నీకంటే బాగా ఏడుస్తాడు. చిన్నప్పటి నుంచీ అంతే. వాడు గట్టిగా అరిచేవాళ్ళకి భయపడడు. నోరు విప్పని మనిషిని చూస్తేనే వాడికి కంగారు.

నీ వదిన.

తా.క.: రామబ్రహ్మాన్నమ్మా. కొండలరావుగారికి మీసం మళ్ళీ మొలుస్తోందా? మొలిచాక అది ఎవరిది, ఆయనదా, గెలిచిన తాతారావుదా? ఇక్కడ రెండు పక్షాలైపోయాం. మాటలు కూడా లేవు.


గుడివాడ,
సోమవారం.

వదినగారికి నమస్కారాలు. గది గెలిచాను.

నిన్న మధ్యాహ్నం కొత్త పేక చూసి వాళ్ళు పండగ చేసుకున్నారు. కాఫీ తీసుకెళ్ళాను. మీ తమ్ముడు మామూలుగా మొదలుపెట్టారు. "మా ఆవిడకి అబద్ధమాడటం చేతకాదు బావా. అన్నం మాడితే మొహమే చెప్పేస్తుంది." అందరూ నవ్వారు. పిచ్చేశ్వరరావుగారు, "చెల్లెమ్మా, నువ్వూ ఒక చెయ్యి వెయ్యి" అన్నారు. వేళాకోళానికే. నేను కూర్చున్నాను. ఆడాలని కాదు వదినగారూ, కాళ్ళు ఇక నిలబడలేదు.

ముక్కలు చూసుకున్నాను. కాసేపాగి మెల్లిగా అడిగాను.

"అన్నయ్యగారూ, మూడు రాణులు పెద్దవా, మూడు రాజులు పెద్దవా?"

"రాజులే చెల్లెమ్మా. ఎందుకూ?"

"ఊరికే."

పిచ్చేశ్వరరావుగారు ముక్కలు పడేశారు. వెంకట్రామయ్యగారు పడేశారు. కొండలరావుగారు మూతి తడుముకుని పడేశారు. మీ తమ్ముడు మాత్రం పడెయ్యలేదు. కుప్ప మొత్తం తోశారు.

"నా దగ్గర పిక్కలు లేవు" అన్నాను. "ఓడిపోతే రోజూ గారెలు వేస్తాను, నోరెత్తను. గెలిస్తే రేపటి నుంచి ఈ గది నాది. ఆట ఇంకెక్కడైనా ఆడుకోండి."

ఇంత పొడుగు మాట నేను పరాయి మగవాళ్ళ ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. మీ తమ్ముడు నా మొహంలోకి చూశారు. చాలాసేపు చూశారు. అలిసిపోయిన మొహంలో ఏం కనిపిస్తుంది? ఆయన ముక్కలు బోర్లించి పెట్టేశారు. నేను వెంటనే నావి పేకలో కలిపేశాను.

తరవాత చాప ఎత్తుతూ ఆయన ముక్కలు తిప్పి చూశాను. మూడు పదులు! అంత పెద్ద ముక్కలు ఎవరైనా పడేస్తారా? అడిగితే, "నీ చేతిలో ఏమీ లేదని నాకు తెలుసులే మంగా. అలిసిపోయావని తెలిసే వదిలేశాను" అన్నారు.

నిజంగా తెలిసే వదిలేశారా? ఇదీ చాప మీద మాటేనా? ముందు గదిలో హాయిగా పడుకున్నాను, ఈ ఆలోచనతో కన్ను మూతపడలేదు. మీరు పెంచిన మనిషి. మీరే చెప్పాలి.

మీ మంగతాయారు.

తా.క.: మాస్టారుగారూ, నా ముక్కలు రెండు, అయిదు, తొమ్మిది. రంగులు కూడా కలవలేదు. ఇది మాత్రం గట్టిగా చదవండి. ఒక్కసారి పదిమంది వినాలని ఉంది.


చల్లపల్లి,
శనివారం.

మంగతాయారుకి వదిన ముద్దులు.

గట్టిగానే చదివారు. ఎదురు కొట్టువాళ్ళు కూడా లేచి నిలబడి విన్నారు.

నిన్న తాతారావు దిగాడు. మిల్లు పనిమీద వచ్చానన్నాడు. మిల్లు మాట ఒక్కటీ ఎత్తలేదు. అరుగు పక్కనే గుమ్మంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. చివరికి, "అక్కా, మంగ నీకేమన్నా రాసిందా? ఆ రోజు దాని చేతిలో ఏమున్నాయిట?" అన్నాడు.

"నువ్వు తెలిసే వదిలేశావుటగా?" అన్నాను.

"ఆ, తెలిసే. తెలుసనుకో. అయినా ఏమున్నాయీ?"

తెలిసినవాడైతే బస్సెక్కి వచ్చి అడుగుతాడా? పిచ్చిదానా, వాడు నీకు భయపడే పడేశాడు. మూడు పదులు పట్టుకుని ఉత్త చేతికి ఓడిపోయానని తెలిస్తే వాడు తట్టుకోలేడు. మళ్ళీ ఆడి గెలుస్తానంటాడు, చాప తెచ్చి నీ గదిలోనే పరుస్తాడు. అందుకని వాడి మొహంలోకి చూసి చెప్పాను, "మూడు రాజులురా" అని.

వాడు ఎంత పెద్ద ఊపిరి వదిలాడనుకున్నావు! "నేను అనుకున్నాను అక్కా, సరిగ్గా రాజులే అనుకున్నాను. పడేశాను గనక బతికిపోయాను" అని రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు. ఆట రేపటి నుంచి పిచ్చేశ్వరరావు సైకిలు షాపులోనట.

నువ్వింక తలుపు వేసుకుని పడుకో.

నీ వదిన,
సుబ్బరత్నమ్మ.

తా.క.: రామబ్రహ్మాన్నమ్మా. ఆవిడ "మూడు రాజులు" అన్నప్పుడు అరుగు మీద ఏడుగురం ఉన్నాం. ఒక్కడూ పెదవి కదపలేదు. పైగా నేను, "ఇస్పేటు రాజు కూడా ఉందిట బాబూ" అన్నాను.