వదిన గొంతు

ఆదివారం రాత్రి, నాందేడ్

రెండుసార్లు కడిగినా చేతుల మసి పోలేదు.

పొద్దున మా గల్లీవాళ్ళం ఇరవై మందిమి మర్ఖేల్‌లో అన్న చేనుకు వెళ్ళాం. పిడకల నిప్పుల మీద పచ్చి జొన్న కంకులు కాల్చి, వేడివేడిగా అరచేతుల్లో నలిపి తిన్నాం. మరాఠీవాళ్ళు హుర్డా అన్నారు, మేం ఊస బియ్యం అన్నాం. ఎవరు నలిపింది ఎవరు తిన్నారో లెక్కే లేదు. అంతగా నవ్వి ఎన్నాళ్ళయిందో! ఆ ఊపులోనే అందరి ముందూ, "వచ్చే ఏడూ ఇక్కడికే!" అనేశాను.

ఆ తర్వాత నిప్పుల దగ్గర కూర్చున్న వదినను పలకరిస్తే, గొంతు బొంగురుపోయి ఉంది.

"సర్ది అయిందా వదినా?"

"సర్ది గాదు. చుట్టూ అందరు శెనగ ఏసిన్రు. జొన్న మనదొక్కటే. పిట్టలన్ని మన మీదికే అస్తున్నయి. నెల దినాల సంది మంచె ఎక్కి ఒర్లుతున్న."

"మరి ఎందుకు ఏసుడు?"

"మీరు అస్తరని. మీ అన్నకు గదే సంబురం."

అంతలోనే లేచి "హోయ్" అని పిట్టలను అదిలించింది.

ఇప్పుడు ఫోన్ చేసి వచ్చే ఏడు జొన్న వెయ్యొద్దంటే అన్న నొచ్చుకుంటాడు. వస్తామంటే వదిన మళ్ళీ మంచె ఎక్కాలి. నేను వెళ్ళి ఒక్క వారమైనా పిట్టలు తోలగలనా? బడికి సెలవు ఎవరిస్తారు?

కంకులన్నీ కాల్చి అందరికీ అందించింది వదినే. తను పిడికెడైనా తిన్నదా? ఎంత గుర్తుచేసుకున్నా ఆమె నమలడం కనిపించదు. "హోయ్" మాత్రం వినిపిస్తూనే ఉంది.