బెండిగో తోట ఎవరి చేతికి

నేను, థెల్మా ప్రిస్క్, వయస్సు ఎనభై ఒకటి, విక్టోరియా రాష్ట్రం బెండిగో నివాసిని. తుంటి ఎముక ఒక్కటే అరువుది, బుద్ధి నాదే. ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకుముందు రాసినవి చెల్లవు.

1. దీని అమలు బాధ్యత నా కూతురు కొరిన్‌ది. బ్యాంకు డబ్బు, కారు ఆమెకే. కారు ఎత్తు మీద మొండికేస్తుంది, తిట్టకూడదు.

2. మా తుమ్మజాతి చెట్టు వాటిల్ గింజల డబ్బాలు పక్కింటి మెర్లిన్‌కు. వేడినీళ్లలో నానబెట్టనిదే అవి మొలవవని పదిసార్లు చెప్పాను. పదకొండోసారి ఇదే.

3. ఇల్లు, తోట నా తమ్ముడు ఆల్విన్‌కు. భార్య పోయినప్పటి నుంచి వాడు నాతోనే ఉంటున్నాడు. పచ్చిక పరచమని వీధంతా పోరినా నలభై ఏళ్లుగా ఈ నేలలో పుట్టిన మొక్కలే పెంచాను. కొరిన్ అభ్యంతరం నాకు తెలుసు: “మామయ్య చేతికిస్తే కంచె కూడా ఎండిపోతుందమ్మా! అమ్మేద్దాం.” ఆ మాట దానికి నేర్పింది నేనే.

4. కరువు ఏడాది నేను తుంటి ఆపరేషన్‌కు ఆస్పత్రిలో ఉండగా, ఆల్విన్ ముచ్చటపడి పెరటి బ్యాంక్సియాకు కోడిపెంట వేశాడు. బలంలేని నేలకు అలవాటుపడ్డ చెట్టది, బలమైన ఎరువు పడదు. చచ్చిపోయింది. మా స్థానిక మొక్కల సంఘంలో నలభైమంది ముందు, “మావాడు తిండి పెట్టి చంపాడు” అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. వాడు “తప్పైపోయిందక్కా” అన్నాడు. ఆనాటి నుంచి పార ముట్టలేదు.

5. నిజం ఇది. ఆ వేసవిలో గొట్టంతో నీళ్లు పెట్టడం నిషేధం. ఊరందరిలాగే నేనూ బట్టలుతికిన నీళ్లు బకెట్లతో మోసి రోజూ ఆ చెట్టుకే పోశాను. సబ్బుపొడిలోని భాస్వరం దానికి విషం. ఆస్పత్రికి వెళ్లకముందే ఆకులు పసుపెక్కడం చూశాను, పొడి పెట్టె తిప్పి చదివాను కూడా. సంఘంలో పరువు పోతుందని, పన్నెండేళ్లు తెలిసి తెలిసి నింద వాడిమీదే ఉంచాను. సిగ్గుగా ఉంది.

6. తోట విషయంలో ఆల్విన్‌కు షరతులేమీ లేవు. నాటినా, నరికినా వాడి ఇష్టం. షరతు కొరిన్‌కే: అయిదో అంశాన్ని సంఘం నెలవారీ సమావేశంలో, టీకి లేవకముందు, అందరూ వినేలా చదవాలి. ఆల్విన్ రానంటాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టాలి.

7. నా బూడిద తోటలో చల్లకండి. ఎముకల్లోనూ భాస్వరమే. అక్కడ ఒక చెట్టును చంపాను, చాలు.

తేదీ: 14 మే 2019, బెండిగో.
(సంతకం) థెల్మా ప్రిస్క్

సాక్షులు:
డెస్మండ్ హోకింగ్, మందుల షాపు
లోర్నా టీగ్, లైబ్రరీ