అక్కకు దక్కని చోటు

ఘనపూర్

ప్రియమైన నాయినకు,

ఆ మొదటి మాట అలవాటు కొద్దీ రాశాను. కొట్టేద్దామనుకొని వదిలేశాను. ఫోన్‌లో అయితే నాకు ఏడుపొస్తుంది, నువ్వేమో పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

మహబూబాబాద్ దవాఖానలో విజయక్క కన్నుమూసిన పొద్దున నీకు ఫోన్ చేసి ఒక్కటే అడిగాను. జనగామలో మన చర్చి సమాధుల తోటలో, జకర్యా తాత పక్కన, అక్కకింత చోటిమ్మని. పక్కనే ఉన్న గోప్యా బావ ఫోన్ చెయ్యొద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. నీ ముందు అడుక్కోవడం ఇష్టం లేక ఆపుతున్నాడనుకొని నేను వినలేదు. నువ్వు "వద్దు బిడ్డా. తండకే తీస్కపోండ్రి" అని పెట్టేశావు. ఆ మాట బావకు కూడా వినబడింది. భార్య చనిపోయిన మనిషి నా మొహం చూడలేక అటు తిరిగి నిలబడ్డాడు.

లంబాడా పిల్లవాణ్ని రిజిస్టర్ పెళ్లి చేసుకుందని చర్చి సంఘం వాళ్లు సభ్యుల పట్టీలోంచి అక్క పేరు తీసేసినప్పుడు, ఆ తీర్మానాన్ని ఆదివారం పూట ప్రసంగించే పుల్పిట్ మీది నుంచి చదివింది నువ్వే. పాస్టరువి కాబట్టి తప్పదన్నావు. కన్నబిడ్డ పేరు చదువుతుంటే నీ గొంతు కొంచెం కూడా వణకలేదు. ఆ గొంతే మొన్న ఫోన్‌లోనూ విన్నాను.

జకర్యా తాత నీ తాతకు తండ్రి. నిజాం కాలంలో తెల్లదొరల బాప్టిస్టు మిషన్‌లో పాదిరిగా ఊరూరా కాలినడకన తిరిగాడు. తిరుగుతూ రాహేలు అవ్వకు రాసిన ఉత్తరాలను మన చర్చి పుస్తకంగా వేసింది. ప్రతి క్రిస్మస్‌కూ వాటిని మాకు చదివి వినిపిస్తావు. దేవరుప్పుల దగ్గర కలరాతో పోయిన మనిషిని సొంతవాళ్లే ముట్టకపోతే, తాత తన చేతులతో గుంత తవ్వి పూడ్చిన సంగతి వచ్చేసరికి నీ కళ్లు తడుస్తాయి. ఆ మనిషిది ఏ కులమో, ఏ దేవుణ్ని మొక్కాడో తాత అడగలేదని మాకు బోధిస్తావు. ముక్కూ మొహం తెలియనివాడి కోసం ఏడుస్తావు. నీ బిడ్డకు మాత్రం ఆరడుగుల నేల ఇవ్వవు. ఆ పుస్తకం చదివే హక్కు నీకేముంది?

అక్క వాళ్ల పత్తి చేను గట్టున అక్కను పూడ్చాం. నువ్వొచ్చావు. చేతిలో బైబిలు లేదు, నోట ప్రార్థన లేదు. దూరంగా వేపచెట్టు కింద నిలబడి, మన్ను కప్పగానే వెళ్లిపోయావు. ఎవరో పరాయి మనిషి చావుకు వచ్చినట్టు వచ్చావు నాయినా.

ఇక నేను జనగామ రాను. నీ చర్చి గడప తొక్కను. నన్ను కన్న అవ్వను చూడాలనిపిస్తే బస్టాండుకు రమ్మంటాను. రేపు నేను పోయినా నన్ను ఆ తోటకు తీసుకుపోవద్దు.

నీ చిన్నబిడ్డ,
ఎస్తేరు

*

జనగామ

నా బంగారు తల్లి ఎస్తేరుకు,

నీ ఉత్తరం నాయిన చదివి, మడిచి నా చేతికిచ్చాడు. జవాబు రాయమంటే తల అడ్డంగా ఊపాడు. "అననీ మణెమ్మా. నాడు పేరు కొట్టేసిందైతే నేనే గదా" అన్నాడు. ఆయన ఊరుకుంటాడేమో, నేను ఊరుకోను. నాకు మీ ఇద్దరి మీదా కోపంగా ఉంది.

తోటలో వద్దన్నది నాయిన కాదు, నేను. నాతో వద్దనిపించింది మీ అక్క.

అది మంచం పట్టాక నేను తండకు పోయి కొన్నాళ్లు ఉండి వచ్చాను గదా. ఒకనాడు ఒళ్లు తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. "అవ్వా, బతికున్నప్పుడు నన్ను వద్దన్నోళ్ల నడుమ పండవెట్టకుండ్రి. నా చేన్లనే ఉంచుండ్రి. నాయిన వస్తే రానియ్యి. పాస్టరు మాత్రం రావద్దు" అంది. నీకు చెప్పనా అని అడిగితే వద్దంది. నువ్వు తోట కోసం కొట్లాటకు వస్తావనీ, నీతో కొట్లాడే ఓపిక తనకు లేదనీ అంది. గోప్యా చేత కూడా ఒట్టు వేయించుకుంది. ఆ పొద్దున అతను నిన్ను ఆపబోయింది అందుకే.

నాయినకు అప్పటికి ఇదేదీ తెలియదు. డాక్టర్లు చేతులెత్తేశారని తెలిసిన వారమే సంఘపెద్దలతో తగువు పెట్టుకున్నాడు. "నా బిడ్డను ఆడ పెట్టనియ్యకుంటే ఈ పాస్టరు పని మీరే చేస్కోండ్రి" అని చర్చి తాళపుచెవులు బల్ల మీద పడేశాడట. చివరికి వాళ్లు సరేనన్నారు. ఇంటికొచ్చి, ఇన్నేళ్ల బాకీ తీరినట్టు నాకు చెప్పాడు. అప్పుడు చెప్పాను, అది అక్కడికి రానన్నదని, ఆ సంగతి నీకు చెప్పొద్దన్నదని. ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. చావుకు వచ్చినప్పుడు బైబిలు ఇంట్లోనే పెట్టి, నాయినగా వచ్చాడు. పాస్టరు రావద్దన్న దాని మాట గుర్తుండి వేపచెట్టు దగ్గరే ఆగిపోయాడు.

ఆయన తేబోయిన న్యాయమూ బాగుంది, నువ్వు అడిగిన న్యాయమూ బాగుంది. మీ అక్కకేం కావాలో మాత్రం మీ ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. జకర్యా తాత ఉత్తరాలు నేనూ ప్రతి ఏడాదీ వింటున్నాను. మేకను అమ్మెయ్యి, పిల్లలను బోర్డింగు బడిలో వెయ్యి, వానలు పోయాక వస్తాను అని రాహేలు అవ్వకు రాస్తాడు. నీకేం కావాలని ఒక్క ఉత్తరంలోనైనా అడిగాడా? ఆమె రాసిన జవాబులు ఎవరూ దాచలేదు, ఎవరూ అచ్చు వేయలేదు. తాత మంచివాడే. మీ నాయిన కూడా మంచివాడే. అయితే ఏం?

ఆయన్ను క్షమించమని నిన్ను అడగను. ఆ ఆదివారం ముందు వరుసలో కూర్చొని నా బిడ్డ పేరు విన్నదాన్ని నేను. అందరూ నా వైపే చూస్తుంటే పాటల పుస్తకంలో తల దూర్చుకున్నాను. నేనూ ఇంకా క్షమించలేదు. వండిపెడుతున్నాను, ఒకే ఇంట్లో ఉంటున్నాను. అది వేరు.

నువ్వూ కోపంగానే ఉండు. కాని ఆయన చెయ్యని తప్పుకు కోపం పెట్టుకోకు తల్లీ. చేసిన తప్పే చాలు కోపానికి.

నీ అవ్వ,
మణెమ్మ