అనుమతి ఇవ్వని మనిషి

సెప్టెంబరు 9, సోమవారం, ఉదయం.

చిరంజీవి మనవరాలికి నానమ్మ ఆశీస్సులు. మీ అమ్మా నాన్నా నేనూ ఆరోగ్యంగానే ఉన్నాం. నా మోకాలు మాత్రం తన మాట తనదే అంటోంది. ఆదివారం దాకా ఆగకుండా ఈరోజే రాయడానికి కారణం నీ పోయిన ఉత్తరంలోని మూడో ప్రశ్న. మొదటి రెండింటికీ జవాబులు చిన్నవి. పక్కింటాయన గోడకి పునాది తవ్వించాడు, ఇటుకలు ఇంకా దిగలేదు. మీ నాన్న షెడ్డు తెరిచే ఉంది గానీ మనిషి సరిగ్గా తినడం లేదు.

ఎందుకో నీకు తెలుసు. ఇంటి ముందు పదకొండు మెట్లు. మరమ్మతుకి వచ్చే పంపు మోటారు ఒక్కొక్కటి ఎనభై కిలోలు. అవి తోపుడుబండి మీద పక్కవాళ్ల పెరట్లోంచే వెనకవీధికి వెళ్లాలి, అదే దారిన రావాలి. గోడ లేచిందంటే షెడ్డుకి తాళమే.

"ఆ దారికి మనం ఎప్పుడైనా అనుమతి అడిగామా, నానమ్మా?" అని కదా నీ మూడో ప్రశ్న. పోయిన వారం లాయరమ్మ కూడా అదే అడిగింది. "లేదండీ" అన్నాడు మీ నాన్న. వాడికి నిజంగానే తెలియదు, నాకు తెలుసు. పరీక్షలో పక్కపిల్ల కాగితం చూశావని నిన్ను రెండు రోజులు పలకరించని దాన్ని, అక్కడ కూర్చుని అబద్ధానికి కాపలా కాశాను.

అడిగాం. అడిగింది నేనే. ఇరవై రెండేళ్ల కిందట, మీ తాతయ్య షెడ్డు పెట్టిన నెలలో. అప్పుడు పక్కింట్లో ఉన్నది ఈయన తండ్రి, దస్తావేజులు రాసే ఆయన. చెప్పకుండా నడవడం మర్యాద కాదని తెల్లకాగితం మీద, మార్జిను వదిలి, "దయతో అనుమతించగలరు" అని రాసి పంపాను. సాయంత్రానికి ఆ కాగితమే తిరిగొచ్చింది. వెనక ఆయన చేతిరాతతో రెండు వాక్యాలు. "అనుమతి ఇవ్వను. మీ బండి మీరు తోసుకోండి."

ఒళ్లు మండింది. ఇవ్వకపోతే పీడాపోయె, ఎవరాపుతారో చూద్దామని మరునాడు నేనే ముందు నడిచి బండి తోయించాను. ఆ తరవాత రోజూ అంతే. ఆయన అరుగు మీద రాసుకుంటూ తలెత్తేవాడు కాదు. నేను పలకరించనూ లేదు. ఆయన పోయిన రోజు కూడా ఆ గడప తొక్కలేదు.

నేను ఏ కాగితమూ పారెయ్యను కదా. శనివారం మీ నాన్నతో వెళ్లి దాన్ని లాయరమ్మ ముందు పెట్టాను. "దీనితో కేసు పోతే, పోగొట్టింది నేనే," అన్నాను. ఆవిడ చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది.

"మామ్మగారూ, ఆయన సరే అని ఉంటే ఇవాళ మీ కొంప మునిగేది. అడిగి నడిస్తే అది ఇచ్చినవాళ్ల దయ. వాళ్ల కొడుకు వద్దంటే వద్దే. ఎవరి దయా లేకుండా, పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఇరవై ఏళ్లు ఆగకుండా నడిస్తే ఆ నడకే హక్కు. ఆ పెద్దాయన ఇవ్వననే అన్నాడు, ఒక్కనాడూ ఆపలేదు."

"నేను కోపంతో నడిచానమ్మా."

"కోపానికి చట్టంలో అభ్యంతరం లేదు లెండి."

"మా అమ్మ కోపం అక్కరకు రావడం ఇదే మొదలు," అన్నాడు మీ నాన్న. ఆ పూట కడుపు నిండా తిన్నాడు.

నాకు మాత్రం ఆ దస్తావేజులాయన పెరటి కంచె గుర్తొచ్చింది. అది వేయించింది నేను ఉత్తరం రాసిన మరుసటి నెలలోనే. టేపు తీసుకుని అక్కడికి వెళ్లాను. కంచెలో వదిలిన సందు మూడున్నర అడుగులు. మన బండి మూడడుగుల రెండంగుళాలు. గేటు లేదు, గడియ లేదు. నలభై ఏళ్లు ఊరందరి స్థలాలకీ సరిహద్దులు రాసిన చెయ్యి, ఇవ్వనంటేనే అది మన హక్కవుతుందని తెలిసి, తన స్థలంలో మనకి దారి ఇలా రాసిపెట్టింది. బదులుగా ఒక్క మంచిమాటైనా ఆశించలేదు. ఆ సందులో టేపు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. గడియారం చూసుకోలేదు.

ఇక జరగవలసినవి:

1. బుధవారం దావా వెయ్యాలి. కాగితం రెండు వైపులా దాఖలు చెయ్యాలి, నేను అడిగిన వైపు దాచకూడదు.

2. అంతవరకూ బండి ఒక్కరోజు కూడా ఆగకూడదు. పునాది గుంట మీద పలక వేసి, మోటారు లేకపోతే ఖాళీ బండైనా తొయ్యాలి.

3. మీ నాన్న పక్కింటాయనతో మాటామాటా అనుకోకూడదు. తండ్రి చేతిరాత చూపిస్తే చాలు.

4. దస్తావేజులాయన భార్య ఆ ఇంట్లోనే ఉంది. ఈ సాయంత్రం నేను ఆవిడ దగ్గరికి వెళ్లాలి. ఏం మాట్లాడాలో రాసి పెట్టుకోలేదు.

ఇట్లు,
రెండు వాక్యాలు చదవడానికి ఇరవై రెండేళ్లు పట్టిన
నీ నానమ్మ