ముగ్గు లేని గుమ్మం

పిఠాపురం,
18-8-1998

అక్కయ్యకు పాపాయి నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఉత్తరంలో ముందుగా ఆ మాట రాయాలి కాబట్టి రాశాను. బరంపురంలో మీరంతా నిజంగానే క్షేమమని తలుస్తాను.

మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగావు. ఏం చెప్పను. రోజూ ఆముదం రాసి, జిల్లేడాకులు వేడిచేసి కట్టుకుంటున్నాను. ఇల్లంతా అదే కంపు, నా చీరలదీ అదే కంపు. మరుగుదొడ్డిలో కూర్చుంటే లేవలేకపోతున్నానని నీ మరిది ప్లాస్టిక్ కుర్చీకి నడిమధ్య కన్నం కోయించారు. దాన్ని వీధిలో అందరూ చూస్తుండగా నెత్తిన పెట్టుకుని మరీ తెచ్చారు. అందులో కూర్చున్న ప్రతిసారీ నా ఒళ్లంటే నాకే రోత పుడుతోంది.

ఇంకా ఇరవై ఒక్క చుక్కల ముగ్గే పెడుతున్నావా అని కూడా అడిగావు. కిందటి వారం మూడు రోజులు అసలు ముగ్గే లేదు. కళ్లాపి కూడా చల్లలేదు. చావు జరిగిన ఇంటి ముందే కదా అలా ఉండేది. మూడో రోజున ఎదురింటి ప్రసన్నలక్ష్మి వచ్చి గేటు బయటే నిలబడిపోయింది. ముందు నా నుదుటి కేసి చూసింది. బొట్టు ఉందని తేలాక గొంతు తగ్గించి, “ఎవరు పోయారండీ పిన్నిగారూ? మాకు కబురైనా లేదు” అంది.

“ఎవరూ పోలేదమ్మా. మోకాళ్లు వంగట్లేదు” అన్నాను.

“అంతేనా అండి. బజార్లో ముగ్గు స్టిక్కర్లు అమ్ముతున్నారు, అతికించేసుకోండి. గుమ్మం బోసిగా ఉంటే చూసేవాళ్లకి ఏదోలా ఉంటుంది కదండీ.”

చూసేవాళ్లకట. ఆ మొహం మీదే తలుపు వేసేయాలనిపించింది.

అసలు సంగతి చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఆ మూడు రోజులూ మోకాళ్లు మరీ అంత నొప్పిగా లేవు. మొదటి రోజు ముగ్గు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఎందుకు పెట్టాలో తోచలేదు. వెనక్కి వచ్చి పడుకున్నాను. అన్నం సహించదు, ఎవరు మాట్లాడినా చిరాకు, తల దువ్వుకోవడం కూడా బరువే. ఆషాఢం నుంచీ ఇదే వరస. ఎవరు పోయారని ఆవిడ అడిగినప్పుడు ‘నేనే’ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. నాకే భయం వేసిందక్కా.

నీ మరిదికి ఇవేవీ తెలియవు. అంతా నొప్పి వల్లే అనుకుని, మర్నాడు తనే వీధిలో గొంతుక్కూర్చుని ముగ్గు పెట్టారు. ఒక పక్క నాలుగు చుక్కలు, ఇంకో పక్క అయిదు. పాలు పోసే బుల్లియ్య నవ్వితే, “నవ్వుతావేంటయ్యా? మా ఇంట్లో అందరం బాగానే ఉన్నామని నలుగురికీ తెలియాలి కదా” అన్నారు. అది విని నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఆ ముగ్గు కన్నా, కుర్చీ కన్నా, నాకు అలా ఏదీ రాకపోవడమే ఎక్కువ అసహ్యంగా ఉంది.

ఇది ఆకులు కడితే పోయేది కాదు. కాకినాడలో మనసుకి వైద్యం చేసే డాక్టర్లు ఉన్నారట. ఆయనతో అనడానికి నాకు నోరు రావడం లేదు, నువ్వే వచ్చి చెప్పాలి. ఈ ఉత్తరం అందగానే బయల్దేరు. ఆయన రోజూ పెడుతూనే ఉన్నారు, నువ్వొచ్చేసరికి గుమ్మంలో ముగ్గు ఉంటుంది. అది చూసి మేం బాగానే ఉన్నామని మాత్రం అనుకోకు.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న చెల్లెలు
పాపాయి