సీసపు బిళ్ళ కోసం

హారిస్ దీవి, పడమటి గట్టు సంఘ పెద్దలకు:

నా పేరు ఎఫ్రిక్ మెకాస్కిల్. ఎనభై దాటాయి. విధవను, కోడలు పెగీ దగ్గర ఉంటున్నాను. నాకు అక్షరం రాదు కనుక నేను చెబుతుంటే ఆమె రాస్తోంది.

ఆదివారం గుడిలో ప్రభువు బల్ల దగ్గర కూర్చుని రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవాలంటే మీరిచ్చే సీసపు బిళ్ళ చూపించాలి. నిన్న అడిగితే మీ పెద్దల్లో ఒకడైన టోర్కిల్ ఇవ్వలేదు.

"రక్షణ ఎవరికో దేవుడు లోకం పుట్టకముందే నిర్ణయించాడు. నిన్ను ఎన్నుకున్నాడనడానికి గుర్తేమిటి, అవ్వా? పిలుపు వచ్చేదాకా ఆగు" అన్నాడు.

"ఇంకెన్నాళ్ళు ఆగమంటావురా? మా అక్క అలాగే ఆగీ ఆగీ, ఆ రొట్టె ముట్టకుండానే పోయింది!"

"అది ఆయన చిత్తం."

అప్పటినుంచి కూర్చుంటే నిలకడ లేదు, పడుకుంటే కునుకు లేదు. అయ్యలారా, ఈ మోకాళ్ళతో బురదనేల దాటించి నన్ను మీ గుమ్మానికి తెచ్చిందెవరు? దేవుడైతే, అడ్డుపడడానికి టోర్కిల్ ఎవడు? నా అంతట నేనే వచ్చానంటారా, అయితే రావడం నా చేతిలో ఉన్నట్టేగా, ఇక ఆగమనడమెందుకు?

బిళ్ళ ఇవ్వకపోయినా ఆదివారం వచ్చి బల్ల దగ్గర కూర్చుంటాను. లేపదలిస్తే పాదిరిగారే వచ్చి లేపాలి. అది దేవుడి నిర్ణయమో తన నిర్ణయమో అందరి ముందూ చెప్పి మరీ లేపాలి.

ఎఫ్రిక్ తన చేత్తో పెట్టిన గీటు: ×

చూసినవాళ్ళు: కోడలు పెగీ, పక్కింటి నేతగాడు మర్డో.